ఏరువాకయు బడిగంటయు

మృగశిర కార్తె ప్రవేశించుసరికి రైతు ఆకసమువంక చూచును, కాలువవంక చూచును, పిమ్మట సంఘ కార్యాలయమువంక నడచును. విత్తనములు కొనవలెను, నారుమడి సిద్ధపఱచవలెను, దుక్కికిని దమ్మునకును ట్రాక్టరు బాడుగ కట్టవలెను. సరిగా ఆ రోజులలోనే బడులు తెఱచుదురు. చిన్నవానికి పుస్తకములు, ఆడపిల్లకు కళాశాల రుసుము, పెద్దవానికి పట్టణములో హాస్టలు ఖర్చు. ఒకే చేతిలోని సొమ్మును రెండువైపులనుండి ఇద్దఱు అడుగుచుందురు. ఒకరు భూమి, రెండవవారు బిడ్డ. రెండును న్యాయమైన కోరికలే. దేనికిని లేదని చెప్పుటకు మనసొప్పదు.

ఈ సమయమున సంఘపు బల్లయొద్ద జరుగుచున్న సంగతి నొకదానిని మేము దాచక చెప్పదలచినాము. పంటకని తీసికొనిన ఋణమంతయు పంటకు పోవుటలేదు. అందులో కొంత కళాశాలకు పోవుచున్నది. ఇది సభ్యులకు తెలియును, మాకును తెలియును. అడుగుట మర్యాద కాదని మేమును, చెప్పుట అవమానమని సభ్యులును ఊరకుండుచున్నాము. ఈ మౌనమువలన ఎవరికిని మేలు కలుగలేదు.

బిడ్డ చదువుకై అప్పుచేయుట తప్పని మేము చెప్పబోము. చదువునకు మించిన ఆస్తి లేదని నమ్మినవారమే మేము. అయితే చదువు, ఉద్యోగపుటాశ, ఇంటివారి సొంతకోరికలు, సేద్యము అను నాలుగింటిని ఒక్క సంచిలో వేసి ముడివేసినచో నాలుగును చెడును. దేని వంతు దానికి, దేని కాలము దానికి ఏర్పఱచినచో నాలుగును సాగును. ఒక్క కాలువ నీటితో ఊరి పొలములన్నియు తడుపుట రైతునకు క్రొత్త విద్య కాదు. ఆ విద్యనే ఇంటిలోనికి తెచ్చుకొనవలెనని చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

ఒకే నెలలో రెండు పిలుపులు

డెల్టా రైతునకు సొమ్ము వచ్చు కాలము వేఱు, సొమ్ము కావలసిన కాలము వేఱు. సార్వా వరి నవంబరు, డిసెంబరు నెలలలో కోతకు వచ్చును. ధాన్యము అమ్ముడుపోయి రొక్కము చేతికందునప్పటికి సంక్రాంతి దగ్గఱపడును. వరికోతకు ముందు మాగాణిలో చల్లిన మినుము ఫిబ్రవరి, మార్చి నెలలలో ఇంటికి చేరును. ఆ పిమ్మట ఎండకాలము. పెండ్లిండ్లు, గృహప్రవేశములు, చుట్టపుచూపులు, ఇంటి మరమ్మతులు అన్నియు అప్పుడే. జూను వచ్చుసరికి సంచి అడుగు కనబడుచుండును. అప్పుడు ఏరువాకయు బడిగంటయు ఒకేసారి పిలుచును.

వాన ఎప్పుడు వచ్చునో ఎవరును చెప్పలేరు. బడి ఎప్పుడు తెఱచునో అందఱును చెప్పగలరు. వాన తప్పిపోవచ్చును గాని రుసుము తప్పదు. తేదీతో సహా ముందే తెలిసిన ఖర్చును మనము ఏటేట ఆకస్మికముగా వచ్చిన ఆపదవలె ఎదుర్కొనుచున్నాము. ఇదియే మొదటి పొరపాటు.

ధాన్యము గాదెలో పోయుటకు ముందే విత్తనపు గింజలను వేఱుచేయు ఆచారము మన పెద్దలది. ఇంటిలో ఎంత ఇబ్బంది వచ్చినను ఆ గింజలను దంచి వండుకొనువారు కారు. చదువు ఖర్చునకును ఆ మర్యాదయే జరుగవలెను. సంక్రాంతినాడు రొక్కము చేతిలో నున్నప్పుడే జూను రుసుమును వేఱుచేసి, సంఘములోనో బ్యాంకులోనో వేఱు ఖాతాలో వేయవలెను. పండుగ బట్టలు కొన్న తరువాత మిగిలినది కాదు; బట్టలు కొనుటకు ముందే తీసినది. పంట చాలక అంత మొత్తము వేఱుచేయలేని యింట పాడి ఉన్నచో, పాలడబ్బులో దినమునకు రూ. 100 తీసి పక్కనబెట్టిన 300 దినములకు రూ. 30,000 అగును. ఇది పెద్ద మొత్తము కాకపోవచ్చును. కాని జూనులో వడ్డీవ్యాపారి గడప తొక్కనీయకుండ ఆపుటకు చాలును.

ఒక యింటి కథ

మా మాటలు వట్టి నీతులుగా తోపకుండుటకై ఒక కుటుంబమును ఉదాహరణముగా తీసికొందము. అది ఎవరిదో చెప్పము. చదువరులలో పలువురు తమ యిల్లే యనుకొనిన ఆశ్చర్యము లేదు.

మూడెకరముల సొంతభూమి, రెండెకరముల కౌలు. ముగ్గురు బిడ్డలు. పెద్దవాడు పదవ తరగతితో ఆగి తండ్రితోపాటు సేద్యమున దిగెను. రెండవవాడు పట్టణములో ఇంజనీరింగు చదువుచుండెను. కడగొట్టు పిల్ల ఇంటర్మీడియట్టు చివరి సంవత్సరమున నుండెను.

ఒక జూనులో తండ్రి రూ. 1,50,000 పంటఋణము తీసికొనెను. అందులో రూ. 60,000 రెండవవాని హాస్టలునకును రుసుమునకును పోయెను. బోధనారుసుము ప్రభుత్వ పథకమువలన వచ్చుననుకొనిరి. అది వచ్చునంతవఱకు కళాశాలవారు ఆగలేదు; పైగా హాస్టలు, పుస్తకములు, దారిఖర్చు దానిలో చేరలేదు. మిగిలిన సొమ్ము నాట్లతో సరిపోయెను. ఎరువులు, పురుగుమందులు అంగడిలో అరువు తేవలసివచ్చెను. అరువు తెచ్చినవాడు ధర బేరమాడలేడు. పంట వచ్చినప్పుడు ధాన్యమును సైతము అప్పిచ్చినవాడు చెప్పిన ధరకే తూయించెను. ఆ సొమ్ముతో అంగడి బాకీ తీరెను గాని సంఘపు బాకీ తీరలేదు. గడువు దాటెను. మరుసటి జూనున క్రొత్త ఋణము పుట్టలేదు.

ఆ సాయంకాలము భోజనముల యొద్ద పిల్ల తండ్రితో, “నేను ఈ యేడు ఇంటి దగ్గరే ఉంటాలే నాన్నా” అనెను. ఆమె ఇంటర్మీడియట్టున మంచి మార్కులు తెచ్చుకొని యుండెను. చదువు మానుమని ఆమెతో ఎవరును అనలేదు. మానవద్దనియు ఎవరును అనలేదు. తండ్రి తలయెత్తలేదు. తల్లి లేచి వంటింటిలోనికి పోయెను. ఆ యింట ఎవరును అన్యాయము చేయదలచలేదు. ఐనను అన్యాయము జరిగెను.

సొమ్ము చాలనప్పుడు మన యిండ్లలో మొదట ఆగునది నోరెత్తని బిడ్డ చదువు. సాధారణముగ అది ఆడపిల్ల చదువు. దీనిని త్యాగమని మెచ్చుకొనుట మనకు అలవాటు. అది త్యాగము కాదు. లెక్క వ్రాయని యిల్లు చెల్లించు జరిమానా. దానిని చెల్లించునది తప్పుచేయని పిల్ల.

ఆ యింట లెక్కల పుస్తకము తెచ్చినవాడు పదవ తరగతితో ఆగిన పెద్దకొడుకు. ఎరువుల అంగడిలో మాటపడినవాడు అతడే. “ముందు ఎవరికేమి కావాలో వ్రాద్దాము నాన్నా, తర్వాత ఏడుద్దాము” అని అతడు చెప్పగా, ఒక ఆదివారమునాడు రెండవవాడు హాస్టలునుండి వచ్చిన పిమ్మట ఐదుగురును కూర్చుండిరి. ఒక్కొక్కరి పేరు వ్రాసి, దానికెదురుగా ఏమి కోరుచున్నారో, దానికెంత కావలెనో, ఎప్పుడు కావలెనో వ్రాసిరి.

ఆ కాగితము చెప్పిన సంగతులు ఇంటివారికే క్రొత్తవి. తన చదువు ఖర్చంతయు ప్రభుత్వమే యిచ్చుచున్నదని రెండవవాడు నమ్మియుండెను. పంటఋణము సంగతి అతనికెవరును చెప్పలేదు. పెద్దవానికి చదువుపై ఇష్టము లేదని అందఱును తలచిరి. నిజమునకు నాటి ఇబ్బంది చూచి తానే ఆగిపోయెనని అప్పుడు బయటపడెను. తల్లికి రెండేండ్లుగా ఒక కన్ను మసకబారియుండెను. ఖర్చగునని ఆమె చెప్పలేదు.

కాగితము వ్రాసినంతమాత్రమున సొమ్ము పుట్టలేదు. అయితే రెండవవాడు చౌకైన గదికి మారి, సాయంకాలములందు చిన్నపిల్లలకు పాఠములు చెప్పసాగెను. తల్లి కన్ను శస్త్రచికిత్స మినుములు అమ్మినవెంటనే జరిగెను. పాత బాకీ రెండు పంటలలో తీరెను. పిల్ల మరుసటి సంవత్సరము ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చేరెను. ఒక సంవత్సరము మాత్రము పోయెను. అది తిరిగి రాలేదు. ఆ సంవత్సరము మఱియొక యింట పోకుండవలెనని మా తాపత్రయము.

వడ్డీ చెప్పు నిజము

లెక్క యనిన మొగము చాటువేయువారికొఱకు చిన్న లెక్క నొకదానిని ఇక్కడ ఇచ్చుచున్నాము. రూ. 3 లక్షలలోపు పంటఋణమునకు వడ్డీ నూటికి సంవత్సరమునకు 7 రూపాయలు. గడువులోపల తీర్చినవారికి 3 రూపాయల రాయితీ దొరకును. అనగా నికరముగా 4 రూపాయలే. రూ. 1,50,000 మీద సంవత్సరమునకు గడువులో తీర్చినచో వడ్డీ రూ. 6,000. గడువు తప్పినచో 7 వంతున రూ. 10,500, ఆపైన ఆలస్యపు వడ్డీ. గడువు తప్పుటవలన వెంటనే పోయినది రూ. 4,500. అది ఒక బిడ్డ పుస్తకముల ఖర్చు.

ఇంకొక సంగతి. సంఘపు గడువు తప్పినవాడు వెలిబాకీకి పోవలసివచ్చును. బయట నూటికి నెలకు 2 రూపాయలు అనిన వినుటకు చిన్నమాట. సంవత్సరమునకు అది 24 రూపాయలు. రూ. 50,000 మీద రూ. 12,000. నాలుగు సంవత్సరముల చదువునకు ఏటేట ఇట్లు తెచ్చిన అప్పుమీద వడ్డీ, చదువు ముగియుసరికి అసలులో సగమునకు మించియుండును. అప్పుడు బిడ్డకు ఎట్టి ఉద్యోగము వచ్చినను మొదటి సంవత్సరముల జీతము చదువునకు కాదు, వడ్డీకి పోవును.

పంటఋణము వేఱు, విద్యాఋణము వేఱు

పంటఋణము ఒక పంటలో తిరిగి రావలసిన సొమ్ము. విత్తనము వేసినచో ఆరు నెలలలో గింజ వచ్చును. ఆ గింజతో అప్పు తీరును. చదువు అట్లు కాదు. దానికి ఫలము నాలుగైదేండ్లకు గాని రాదు. ఆరు నెలలలో తీర్చవలసిన సొమ్మును ఐదేండ్లకు ఫలించు పనిలో పెట్టినవాడు, ఆ నడుమ కాలమున దేనితో తీర్చును? భూమితో తీర్చును. ఇదియే మా భయము.

కావున చదువునకు చదువు అప్పే చేయవలెను. బ్యాంకులు ఇచ్చు విద్యాఋణమున సాధారణముగ చదువు ముగియువఱకును, ఆపైన ఒక సంవత్సరమువఱకును వాయిదాలు కట్టనక్కఱలేదు. రూ. 4 లక్షలవఱకు ఆస్తి తాకట్టు అడుగరు. తల్లిగాని తండ్రిగాని కలిసి సంతకము చేయవలెను. పలు బ్యాంకులు ఆడపిల్లల చదువునకు వడ్డీలో కొంత తగ్గించును. తక్కువ ఆదాయముగల కుటుంబములకు చదువుకాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వము భరించు ఏర్పాటును కలదు. దానికి ఆదాయ ధృవపత్రము కావలెను. ఈ పత్రములకై జూనులో పరుగెత్తినవారికి జూనులో దొరకవు. వేసవిలోనే తెచ్చి ఉంచుకొనవలెను.

ఒక హెచ్చరిక. వాయిదా లేదనగా వడ్డీ లేదని కాదు. రాయితీ లేనివారికి చదువుకాలమున వడ్డీ పేరుకొనుచునే యుండును. చేతనైనంతలో ఆ వడ్డీని నెలనెల కట్టుచున్నచో చదువు ముగియుసరికి అసలు మాత్రమే మిగులును. ఇంకొక మాట: ఆ ఋణము బిడ్డ పేరనే యుండును. అప్పు ఎంతయో, ఎప్పటినుండి తీర్చవలెనో బిడ్డకు మొదటిదినముననే చెప్పవలెను. తెలిసిన బరువు మనిషిని గట్టిపఱచును. తెలియని బరువు ఒకనాడు మీద పడి కూల్చును.

ఆశకు గడువు

ఇప్పుడు కష్టమైన మాటకు వచ్చుచున్నాము. డిగ్రీ ముగించి, సర్కారు ఉద్యోగపు పరీక్షకై పట్టణములో గది తీసికొని చదువుచున్న యువకులు మన గ్రామములలో ప్రతి వీధికిని కలరు. ప్రకటన ఎప్పుడు వెలువడునో తెలియదు. వెలువడిన పిమ్మట పరీక్ష ఎప్పుడో తెలియదు. మూడేండ్లు, నాలుగేండ్లు గడచును. ఇంటివారు అడుగుటకు జంకుదురు. అతడు చెప్పుటకు సిగ్గుపడును. పండుగకు సైతము ఊరికి రాకుండును.

పరాజయము చూచి చదువు మానవలెనని మేము చెప్పము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని ఉత్తీర్ణుడు కాలేదు. ఆ బాలుడే మదరాసులో వైద్యము చదివి, 1920వ దశకమున అమెరికా చేరి, ఫోలిక్ ఆమ్లము, మెథోట్రెక్సేటు, ఆరియోమైసిన్ వంటి మందుల వెనుకనున్న పరిశోధనలలో ముఖ్యుడయ్యెను. రెండు పరాజయములతో ఇంటివారు ఆపియుండినచో లోకమునకు కలిగెడి నష్టము ఎంతయో చెప్పలేము. అయితే ఆ జీవితమునకు వేఱొక పుటయు కలదు. ఆయన మరల స్వదేశమునకు రాలేదు. భార్య ఇక్కడనే యుండెను. 1948లో ఆయన అమెరికాలోనే కన్నుమూసెను. గొప్ప ఆశయమునకు గొప్ప వెల యుండును. ఆ వెలను చెల్లించువారు ఆశించినవారు మాత్రమే కారు. ఈ రెండు పుటలను కలిపి చదివినప్పుడే మనకు బుద్ధి కలుగును.

కావున ఆశను త్రుంచవద్దు. ఆశకు గడువు పెట్టుడు. ఎన్ని పరీక్షలు వ్రాయవలెను, ఎన్ని సంవత్సరములు వేచియుండవలెను, నెలకెంత పంపగలము, ఆ గడువు దాటినచో చేయదలచిన రెండవ పని యేది అని ముందే మాటలాడుకొని వ్రాసికొనవలెను. ఓడిపోయిన తరువాత ఈ మాటలు మొదలుపెట్టినచో అవి దెప్పిపొడుపులగును. మొదలే అనుకొనినచో అవి ఒప్పందమగును. వేచియున్న కాలమున ఏదో యొక చిన్నపని చేయుచు చదువుటవలన పరీక్షకు హాని కంటె మనసునకు మేలే యెక్కువ. తన తిండి కొంతయైన తాను సంపాదించుకొనువాడు ఇంటికి వచ్చుటకు సిగ్గుపడడు.

ఇంట నిలిచినవాని చదువు

చదివినవాడు ఊరు విడుచుననియు, చదువనివాడు సేద్యము చేయుననియు మనలో ఒక తలపు పాతుకొనిపోయినది. ఇది సేద్యమునకు అవమానము. తెగులును గుర్తించుట, మందు మోతాదు లెక్కించుట, నేలపరీక్ష పత్రము చదువుట, ధర తెలిసికొని అమ్ముట, బీమా షరతులు గ్రహించుట అన్నియు చదువుకొన్నవాని పనులే.

నిడుబ్రోలున రైతుకుటుంబములో 1900లో జన్మించిన ఆచార్య ఎన్. జి. రంగా ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము చదివి, మదరాసులోని పచ్చయప్ప కళాశాలలో ఆచార్యుడై, ఆ పిమ్మట 1930వ దశకమున తన సొంత గ్రామముననే రైతులకై విద్యాలయమును స్థాపించెను. ఆయన రాజకీయములతో ఏకీభవించువారును, ఏకీభవింపనివారును కలరు. కాని చదువు ఊరినుండి పోవు మార్గము మాత్రమే కాదు, ఊరికి వచ్చు మార్గము కూడనని ఆ పని చూపెను.

నేడు ఇంట నిలిచినవానికి తలుపులు మూతపడి లేవు. పదవ తరగతి పిమ్మట వ్యవసాయ పాలిటెక్నిక్కులలో రెండేండ్ల డిప్లొమా కలదు. 1945లో బాపట్లలో మొదలైన వ్యవసాయ కళాశాల మొదలుకొని ఎన్నో కళాశాలలలో వ్యవసాయ డిగ్రీ చదువవచ్చును. వ్యవసాయ విశ్వవిద్యాలయములలో రైతుబిడ్డలకు ప్రత్యేకించిన స్థానములు ఉన్నవి. చదువు నడుమ ఆగినవారు సార్వత్రిక పాఠశాలద్వారా పదవ తరగతి, ఇంటర్మీడియట్టు ముగింపవచ్చును. 1982లో హైదరాబాదున సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడినప్పుడు దేశములో అట్టిది అదియే మొదటిది. నేడు పలు విశ్వవిద్యాలయములు దూరవిద్యను నడపుచున్నవి. సేద్యము చేయుచునే డిగ్రీ చదువవచ్చును. కృషి విజ్ఞాన కేంద్రములలో జరుగు కొలదిదినముల శిక్షణలకు పోవుటకు ఏ డిగ్రీయు అక్కఱలేదు.

పైన చెప్పిన యింటి పెద్దకొడుకు సార్వత్రిక పాఠశాలలో పేరు వ్రాయించుకొనెను. నాట్లు, కోతలు లేని నెలలలో చదువును. తొందరలేదు. నాలుగేండ్లయిన పట్టవచ్చును. నీళ్ల వంతు రాత్రి వచ్చినప్పుడు గట్టుమీద దీపము పెట్టుకొని పుస్తకము తెఱచుచున్నాడు.

దినమునకు ఇరువదినాలుగు గంటలే

సొమ్ము పంచినంతనే పని తీరదు, ప్రొద్దును పంచవలెను. మినుము పీకుట, నూర్చుట సరిగా పదవ తరగతి పరీక్షల దరిదాపున వచ్చును. కూలీలు దొరకని దినములలో బిడ్డను పొలమునకు పిలుచుట సులభము. ఆ పదిదినములు పోయినచో వాని సంవత్సరము పోవచ్చును. పనిచెప్పవద్దని మా మాట కాదు. పాలు తెచ్చుట, దూడను కట్టుట, మొక్కలకు నీరుపోయుట బిడ్డలకు నేర్పవలసినవే. కాని ఇంటిలో సాయంకాలము ఒక గంట చదువుగంటగా నిర్ణయింపవలెను. ఆ గంట ఎవరును పిలువరాదు, దూరదర్శిని మ్రోగరాదు, చేతిఫోను ఎవరిచేతను ఉండరాదు. పెద్దలును ఆ నియమమునకు లోబడవలెను. తండ్రి ఫోను చూచుచు కొడుకును చదువుమనుట పనికిరాదు. పరీక్షలకు ముందు నెలరోజులు బిడ్డకు పొలముపని లేదని ముందే చెప్పి, ఆ కూలి ఖర్చును చదువు ఖర్చులో వ్రాసికొనవలెను.

అట్లే విశ్రాంతికి వంతు కావలెను. ఆటకు, పాటకు, పుస్తకమునకు, చుట్టపుటింటికి పోవుటకు ప్రొద్దు లేని యిల్లు ఎంత సంపాదించినను దాని ముఖమున కళ యుండదు. రెండు పంటల నడుమ పొలమునకు సైతము విరామ మిత్తుము గదా.

తల్లిదండ్రుల కోరికలు

మన యిండ్లలో అన్నిటికంటె వెనుకబడు కోరికలు తల్లిదండ్రులవే. బిడ్డలు చదివి స్థిరపడిన పిమ్మట చూచుకొందమని వారు తమ వైద్యమును, తమ ముచ్చటలను వాయిదా వేయుదురు. బిడ్డలు స్థిరపడుసరికి మోకాళ్లు, కండ్లు సహకరింపవు. పెద్దల ఆరోగ్యమును కోరికల పట్టికలో చివర వ్రాయరాదు. పొలమునకు బండికి ఇరుసు ఎట్లో, ఇంటికి వారి ఆరోగ్యము అట్లు. అది విఱిగిననాడు అందఱి చదువులును ఆగును. ఆరోగ్యముగాక వారికి వేఱు కోరికలును ఉండును. ఒక యాత్ర కావచ్చును, చేతివ్రాలు నేర్చుకొనుట కావచ్చును, ఇంటిముందు ఒక పందిరి కావచ్చును. అడిగినవారు లేక చెప్పలేదు గాని, కోరికలు లేక కాదు. పట్టికలో వారికిని ఒక వరుస ఉండవలెను. సంవత్సరమునకు ఒకటియైన తీరవలెను.

సంఘము చేయగలిగినది

ఇంతవఱకు సభ్యులకు చెప్పితిమి. ఇక సంఘము తన కర్తవ్యమును తప్పించుకొనరాదు. 1904లో ఈ దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినప్పుడు దాని ఆశయము అప్పిచ్చుట మాత్రమే కాదు. పొదుపు నేర్పుట కూడ. అప్పునకు తలుపు వెడల్పుగా తెఱచి, పొదుపునకు కిటికీ మాత్రము వదలినాము. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ క్రింది సంగతులు చర్చింపవలెనని మేము కోరుచున్నాము.

మొదటిది: సంక్రాంతి పిమ్మట ప్రతి సభ్యకుటుంబము పేర చదువు పొదుపు ఖాతా నొకదానిని తెఱచి, జూను మొదటివారమున గాని తీయుటకు వీలులేకుండ ఏర్పాటు చేయుట. రెండవది: ఏప్రిలు, మే నెలలలో విద్యాఋణమునకు, ఉపకారవేతనములకు కావలసిన పత్రముల వివరమును సంఘపు పలకమీద వ్రాసి, దరఖాస్తు నింపలేనివారికి సాయపడుట. మూడవది: గడువు తేదీకి ఒక నెల ముందే ప్రతి ఋణగ్రస్తునకు కబురుపంపుట. గడువు దాటిన పిమ్మట నోటీసు పంపుటకంటె అది సులభము, మర్యాద కూడ. నాలుగవది: పంటఋణము అడుగవచ్చిన సభ్యుని, “చదువు ఖర్చునకు ఏమి ఏర్పాటు చేసితిరి?” అని మర్యాదగా అడుగుట. ఈ ప్రశ్నను ఇన్నాళ్లు అడుగకపోవుట మా తప్పు. ఇకమీదట అడుగుదుము.

సభ్యులు చేయవలసినది ఒక్కటే. ఈ నెలలో ఒక ఆదివారమున ఇంటిల్లిపాదియు కూర్చుండి ఒక కాగితముమీద అందఱి పేర్లు వ్రాయుడు. ప్రతి పేరునకెదురుగా నాలుగు గడులు: ఏమి కావలెను, ఎంత కావలెను, ఎప్పుడు కావలెను, సొమ్ము ఎక్కడిది. చిన్నవారిని సైతము అడుగుడు. ఆడపిల్లలను మొదట అడుగుడు; ఏలన వారు చివర అడిగినచో “నాకేమీ వద్దు” అందురు. అన్ని కోరికలును ఈ సంవత్సరమే తీరవు. ఏది ముందు, ఏది వెనుక అని అందఱి యెదుట నిర్ణయింపుడు. వెనుకబడిన కోరికకు కూడ తేదీ వ్రాయుడు. తేదీ వ్రాసిన కోరిక వాయిదాపడినది మాత్రమే. తేదీ లేనిది చచ్చిపోయినది.

నీటి వంతు వచ్చువఱకు పొరుగువాడు కాలువగట్టున ఓపికతో కూర్చుండును. తన వంతు తప్పక వచ్చునని అతనికి తెలియును గనుక. మన యిండ్లలోని బిడ్డలకును, ఇల్లాండ్రకును, పెద్దలకును కావలసినది ఆ నమ్మకమే. రాబోవు ఏరువాక పున్నమికి ఎద్దులకో ట్రాక్టరుకో పసుపు కుంకుమలు పెట్టునప్పుడు, ఆ కాగితమును గోడకు అంటించి యుంచుడు. బడిగంట మ్రోగిననాడు మీ యింట ఏ బిడ్డయు “నేను ఇంటి దగ్గరే ఉంటాలే” అని చెప్పకుండుగాక.